రోడ్డు పక్కన ఉమ్మత్

రుఖ్సా, ఇస్తిమారా, ఇఖామా. సౌదీ రోడ్డు మీద మురూర్ పోలీసు బండి ఆపించి అడిగే మాటలు ఈ మూడే. లైసెన్సు, బండి కాగితం, ఆ దేశంలో ఉండేందుకు అనుమతి. హైదరాబాదు పాతబస్తీ నుంచి, నిజామాబాదు నుంచి, రాయచోటి నుంచి గల్ఫుకు పోయిన మన డ్రైవరు పిల్లలు సలాం తర్వాత నేర్చుకునే అరబ్బీ ఇదే.

ఈ మాటలు మా చెవికి కొత్తవి కావు. చిక్కంతా అక్కడే ఉంది. ఉర్దూ ఇంట్లో పుట్టినవాడికి ప్రతి మాటా తెలిసినట్టే అనిపిస్తుంది. రుఖ్సత్ అంటే మాకు సెలవు తీసుకోవడం. పెళ్ళికూతుర్ని సాగనంపడం రుఖ్సతీ. అక్కడ రుఖ్సా అంటే లైసెన్సు. ఇషారా అంటే మాకు కనుసైగ, అక్కడ సిగ్నలు దీపం. సయ్యారా మాకు ఆకాశంలో తిరిగే గ్రహం, అక్కడ కారు. ఇఖామత్ అంటే నమాజుకు వరుస కట్టే ముందు చెప్పే రెండో పిలుపు. అక్కడ ఇఖామా అంటే జేబులో లేకపోతే మనిషే లేనట్టు లెక్కగట్టే కార్డు. తెలంగాణ పల్లెలు దాన్ని 'అకామా' చేసుకున్నాయి. కఫీల్ అంటే మా ఉర్దూలో పోషించేవాడు, పూచీ పడేవాడు. అక్కడా మాట అదే. ఎవరు ఎవరిని పోషిస్తున్నారన్నదే తేలదు.

ఇక జరిమానాకు వాళ్ళు వాడే మాట ముఖాలఫా, అంటే నియమం తప్పడం. మా ఉర్దూలో ముఖాలిఫత్ అంటే ఎదురు తిరగడం, వ్యతిరేకించడం. "మైఁ కిస్కి ముఖాలిఫత్ కరా జీ?" అని తిరిగొచ్చిన డ్రైవర్లు చార్మినారు హోటళ్ళలో నవ్వుతూ చెప్పుకుంటారు. నేను ఎవరికి ఎదురు తిరిగానయ్యా అని. నవ్వులాటే, కానీ అందులో ఒక అమాయకపు నమ్మకం విరిగిన చప్పుడు మాకు వినపడుతుంది.

చిన్నప్పుడు మసీదులో ఖురాన్ నాజిరా చదివిన పిల్లవాడు ఆ జరిమానా కాగితాన్ని తడుముకోకుండా చదవగలడు. అక్షరం తప్పు పోదు. అర్థం మాత్రం తెలియదు. వాడి పక్క సీట్లో కూర్చున్న జగిత్యాల కుర్రాడికి అక్షరమూ రాదు, అర్థమూ తెలియదు. ఈ ఇద్దరిలో ఎవరు ఎక్కువ పరాయివాడు? ఏమీ తెలియనివాడు జాగ్రత్తగా ఉంటాడు. తెలిసినట్టు అనిపించినవాడే మోసపోతాడు. మేము ఈ వ్యాసంలో మాట్లాడదలచింది ఆ 'తెలిసినట్టు ఉండడం' గురించి, దాన్ని మన సాహిత్యం పట్టించుకోకపోవడం గురించి.

గల్ఫు గురించి మనకు రెండే కథలు ఉన్నాయి. ఒకటి బంగారం కథ. సెంటు సీసాలు, టేపు రికార్డర్లు, తర్వాత తర్వాత ఐఫోన్లు, రేకుల ఇంటి మీద లేచిన మేడ. రెండోది నరకం కథ. ఏజెంటు మోసం, పాస్‌పోర్టు లాక్కున్న కఫీల్, శవపేటికలో తిరిగొచ్చిన మనిషి. మలయాళంలో బెన్యామిన్ 2008లో రాసిన 'ఆడుజీవితం', దాని మీద 2024లో బ్లెస్సీ తీసిన సినిమా ఈ రెండో కథకు శిఖరం. మన దగ్గర 2017లో వచ్చిన 'గల్ఫ్' సినిమా కూడా ఈ బాధనే చెప్పాలని చూసింది. ఈ కథలు అబద్ధం కావు. ఎడారిలో మేకల మధ్య చిక్కిన నజీబు కథ అసలు ఒక మనిషి అనుభవం నుంచే పుట్టింది. కానీ బంగారానికీ నరకానికీ మధ్య ఒక రోడ్డు ఉంది. లక్షలాది మంది ఆ రోడ్డు మీదే పది, పదిహేను, ఇరవై ఏళ్ళు గడిపేశారు. కొట్టిన వాళ్ళు లేరు, తిండి పెట్టకుండా చంపిన వాళ్ళు లేరు. జీతం కొంచెం ఆలస్యంగానైనా వచ్చింది. ఆ బతుకును రాయడానికి మనకు కలం రాలేదు.

ఎందుకు రాలేదు? మేకల బతుకు చూసి కన్నీళ్ళు పెట్టుకున్న ప్రేక్షకుడికి 900 రియాళ్ళ జరిమానా కథ చెప్పి చూడండి. "తప్పు చేశాడు, కట్టాలి కదా" అంటాడు. జాలి కథకు పాఠకుడు దొరుకుతాడు. హక్కు కథకు దొరకడు. హక్కు అన్న మాట పలికితే ముందు తప్పెవరిదో, కారెవరిదో, ఫోను చేసిందెవరో, డబ్బు ఎవరి జేబులోంచి పోయిందో లెక్క తేల్చాలి. అంత ఓపిక మనకెక్కడిది?

ఇంకో పక్షపాతం కూడా ఉంది. అమెరికా పోయిన తెలుగువాడు ప్రవాసాంధ్రుడు. వాడు రాసింది డయాస్పోరా సాహిత్యం. వాడి మనసులో రెండు సంస్కృతులు ఢీకొంటే అది అస్తిత్వ సంఘర్షణ. దుబాయి పోయినవాడు వలస కూలీ. వాడి గురించి ఇతరులు రాయాలి. వాడికి సంస్కృతి ఢీకొనదు, లారీ మాత్రమే ఢీకొంటుంది. మన విమర్శకులు ఈ రెండు పేర్లూ పక్కపక్కనే పెట్టుకుని ఇన్నేళ్ళుగా ఏ ఇబ్బందీ లేకుండా రాస్తున్నారు. ముస్లింవాద సాహిత్యం వచ్చి అయినా దీన్ని పట్టుకుందా అంటే, అదీ అంతంతమాత్రమే. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' కవుల సంకలనం ఈ దేశంలో మా మీద వేసిన అనుమానపు ముద్రను బయటపెట్టాయి. అది చరిత్ర. కానీ ఈ దేశం బయట మా మీద పడే ముద్ర ఏమిటన్నది అంత గట్టిగా అడగలేదు. అడిగితే ఏం జవాబు వస్తుందో అన్న జంకు లోపల ఉందేమో అని మా అనుమానం.

ఇప్పుడు ఆ రోడ్డు మీదికి పోదాం.

సౌదీలో ఇంటి డ్రైవరును సాయిఖ్ ఖాస్ అంటారు. 2018 జూన్ 24 దాకా అక్కడ ఆడవాళ్ళు కారు నడపడానికి వీల్లేదు. బడికి పోయే పిల్లలు, బజారుకు పోయే తల్లి, ఆస్పత్రికి పోయే నానమ్మ, అందరికీ వీడే చక్రాలు. కారు కఫీల్ పేరు మీద ఉంటుంది. వీసా కఫీల్ పేరు మీద ఉంటుంది. వీడి పేరు మీద ఉండేది లైసెన్సు ఒక్కటే. 2010లో సాహెర్ అనే కెమెరాల వ్యవస్థ వచ్చింది. సాహెర్ అంటే రాత్రంతా మేలుకొని కాపలా కాసేవాడు. ఎంత కవిత్వం చూడండి. అప్పటిదాకా పోలీసు ఆపితే ముఖం చూసి బతిమాలుకునే వీలుండేది. రంజాన్ అనో, పిల్లలున్నారనో, మాలేష్ అనో ఏదో ఒకటి. కెమెరాకు ఏ భాషా రాదు. ఫొటో తీసి కారు నంబరుకు జరిమానా వేస్తుంది. కబురు కఫీల్ ఫోనుకు పోతుంది. నెలాఖరున జీతంలోంచి కోత పడుతుంది.

కఫీలే కట్టుకునే ఇళ్ళు కూడా ఉన్నాయి, లేకపోలేదు. కానీ అది ఆ ఇంటి మంచితనం, ఈ డ్రైవరు హక్కు కాదు. ఈ కథంతా ఆ తేడాలోనే ఉంది.

ఫోను పట్టుకుని బండి నడిపితే సౌదీలో 500 నుంచి 900 రియాళ్ళు. సరైన నియమమే. కానీ ఆ ఫోను చేసేదెవరు? "ఎక్కడున్నావు, ఎందుకింత ఆలస్యం" అని ఇంటి నుంచి అమ్మగారు చేస్తుంది. ఎత్తకపోతే తిట్లు, ఎత్తితే జరిమానా. బండి ఆపకూడని చోట ఆపితే తప్పే. కానీ దుకాణం గుమ్మం ముందే ఆపమన్నదెవరు? వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు. ఎర్ర దీపం దాటితే 3000 నుంచి 6000 రియాళ్ళు. నెలకు 1500 రియాళ్ళు వచ్చే డ్రైవరుకు తక్కువలో తక్కువ రెండు నెలల చాకిరీ. అదే తప్పుకు కోటీశ్వరుడికీ అంతే జరిమానా. చట్టం ముందు అందరూ సమానమే మరి!

మా మాటను వక్రీకరించకూడదు. మేము జరిమానాలకు వ్యతిరేకులం కాము. సౌదీ రోడ్ల మీద చావులు ఒకప్పుడు భయంకరంగా ఉండేవి. కెమెరాలు వచ్చాక, నియమాలు గట్టిపడ్డాక తగ్గాయి. బతికినవాళ్ళలో మన డ్రైవర్లూ ఉన్నారు. సాహెర్‌ను తిట్టిపోసినవాళ్ళలో సౌదీ పౌరులే ముందున్నారు. ఇది రోడ్డు భద్రత కాదు, డబ్బు వసూలని పత్రికల్లో గోల చేశారు. కెమెరాలు పగలగొట్టిన వాళ్ళూ ఉన్నారు. కాబట్టి కెమెరా మన హైదరాబాదీని వెతికి పట్టుకుందని మేము అనం. కెమెరాకు జాతి లేదు.

జాతి తర్వాత వస్తుంది. పౌరుడికి ఆ జరిమానా బాకీ. పరదేశికి అది గేటుకు తాళం. జరిమానా కట్టకపోతే సెలవు మీద ఇంటికి పోయే వీసా దొరకదు, ఖాతా తేలకుండా శాశ్వతంగా తిరిగి వచ్చే వీసా కూడా దొరకదు. అమ్మీకి బాగోలేదని కబురు వస్తే ముందు ట్రాఫిక్ లెక్క తేల్చుకోవాలి. ఇది సౌదీ ఒక్కదాని సంగతి కాదు. కువైట్ 2013లో ట్రాఫిక్ నేరాల పేరుతో పరదేశీయుల్ని దేశం నుంచే పంపేసింది. లైసెన్సు లేకుండా నడిపిన కువైటీకి శిక్ష పడుతుంది, పరదేశికి బతుకుదెరువే పోతుంది. 2023 ఆగస్టు నుంచి అక్కడ పరదేశీయులు ట్రాఫిక్ బాకీ కట్టకుండా విమానం ఎక్కడానికి వీల్లేదన్నారు. 2025 ఏప్రిల్‌లో కొత్త ట్రాఫిక్ చట్టం వచ్చి ఫోను మాట్లాడినందుకు వేసే 5 దీనార్లను 75 చేసింది, ఎర్ర దీపం దాటినందుకు వేసే 50 దీనార్లను 150 చేసింది. ఖతార్ 2024 సెప్టెంబరు నుంచి బాకీ ఉన్నవాళ్ళు ఏ సరిహద్దూ దాటకూడదంది.

సౌదీ 2024 ఏప్రిల్‌లో పాత జరిమానాల మీద సగం తగ్గింపు ఇచ్చింది. ఆ కబురు వచ్చిన రోజు ఎందరి ఇళ్ళల్లో షుక్రానా నమాజు చదివి ఉంటారో ఊహించుకోవచ్చు. హైదరాబాదులో 2022లో మోటారు సైకిళ్ళ చలాన్ల మీద 75 శాతం మాఫీ ఇచ్చినప్పుడు జనం ఎగబడ్డారు గదా, అలాగే. కాకపోతే ఇక్కడ చలాను బాకీ ఉన్నవాడిని అమ్మ జనాజాకు పోకుండా ఎవడూ ఆపడు.

ఇంటి డ్రైవరు పరిస్థితి ఇంకో మెట్టు కింద. సౌదీ కార్మిక చట్టం వాడిని కార్మికుడిగా లెక్కపెట్టదు. ఇంటి పనివాళ్ళ కింద వేరే నియమాల్లో పెట్టింది. 2021 మార్చిలో కఫీల్ అనుమతి లేకుండా ఉద్యోగం మారే, దేశం విడిచిపోయే సంస్కరణ తెచ్చినప్పుడు కూడా ఇంటి డ్రైవరును ఆ గడప బయటే నిలబెట్టారు. కఫీల్‌కు కోపం వస్తే 'హురూబ్' అని ఫిర్యాదు చేయవచ్చు, అంటే పారిపోయాడని. ఆ మాట పడ్డ తర్వాత వాడు మన తెలంగాణ పిల్లల భాషలో 'ఖల్లివల్లి'. ఖల్లివల్లికి రోడ్డు మీద పోలీసు ఆపడం జరిమానాతో పోయే వ్యవహారం కాదు. వాడికి ఆ రోజుతో ఆ దేశం సరి.

ఇంత చెప్పాక అసలు ప్రశ్నకు వస్తాం. ఇదంతా కరీంనగర్ హిందువుకూ ఉన్నదే, కడప క్రైస్తవుడికీ ఉన్నదే. ముస్లిం రచయితల సంకలనంలో దీనికేం పని?

పని ఉంది. మిగతా ఇద్దరూ పని కోసం పోయారు. మావాడు పని కోసమే పోయినా, ఇంకేదో కూడా మూట గట్టుకుని పోయాడు. నబీ పుట్టిన నేలకు పోతున్నానని, అక్కడ నమాజు వేళకు దుకాణాలు మూస్తారని, అక్కడ తన పేరు విని ఎవడూ ముఖం చిట్లించడని. ఇక్కడ ఆపినప్పుడు అడిగేది కాగితం కాదు, పేరు. ఆ పేరు విన్నాక చూపు మారుతుంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి నమాజుకు వచ్చినవాళ్ళే చచ్చిపోతే, పాతబస్తీ యువకుల్నే పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఆ ఏడాది తర్వాత ఎంతమంది తల్లులు "పో బేటా, అక్కడైనా చల్లగా ఉంటావు" అని కొడుకుల్ని విమానం ఎక్కించారో ఎవరు లెక్కపెట్టారు? గల్ఫు వాళ్ళకు డబ్బు మాత్రమే కాదు, పేరు అడగని రోడ్డు.

నిజమే, అక్కడి పోలీసు పేరు అడగడు. ఇఖామా చూస్తాడు. చూసి ఒక మాట అంటాడు: "హిందీ."

అరబ్బీలో హిందీ అంటే భారతీయుడు. "ఏ దేశం మనిషివిరా, పాకిస్తాన్ పో" అని ఇక్కడ గోడల మీద రాయించుకున్నవాడిని, క్రికెట్ మ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఎటువైపని నిలదీయించుకున్నవాడిని, ఒక్క సాక్ష్యం అడగకుండా, ఒక్క ప్రమాణం చేయించకుండా భారతీయుడని పిలిచే మొట్టమొదటి ప్రభుత్వోద్యోగి ఆ మురూర్ పోలీసు. జీవితమంతా రుజువు చేసుకోలేకపోయిన దేశభక్తిని పరాయి దేశపు ట్రాఫిక్ పోలీసు క్షణంలో రుజువు చేసేశాడు. కానీ ఆ మాటను అతను సర్టిఫికెట్‌లా చేతికివ్వలేదు. "యా హిందీ" అన్నప్పుడు అందులో కూలివాడా అన్న అర్థమే ఎక్కువ. 'రఫీక్' అంటారు కొన్నిసార్లు. రఫీక్ అంటే సావాసగాడు, తోడు. అక్కడ దక్షిణాసియా కూలీకి అది సర్వనామం అయిపోయింది. సౌదీ తన తోటి సౌదీని రఫీక్ అని ఆ గొంతుతో పిలవడు.

ఇక్కడ ముస్లిం అని అనుమానం, అక్కడ హిందీ అని తేలిక. ఇక్కడ మతం మా దేశాన్ని మింగేసింది, అక్కడ దేశం మా మతాన్ని మింగేసింది.

మా సెక్యులర్ మిత్రులు ఇక్కడ తొందరపడి సంతోషించకూడదు. "చూశారా, మతం కంటే వర్గమే నిజం, మేం ముందే చెప్పాం" అనేస్తారు. అంత సులువు కాదు. జిద్దా నుంచి మక్కా పోయే రోడ్డు తీసుకోండి. హరం హద్దు దగ్గర దారి రెండుగా చీలుతుంది. ముస్లింలు నేరుగా పోవాలి, ముస్లిమేతరులు పక్క దారి పట్టాలని అక్కడ పెద్ద బోర్డు ఉండేది. కార్డులు రాకముందు ఇఖామా చిన్న పుస్తకంలా ఉండేది. ముస్లిముకు ఆకుపచ్చ అట్ట, కానివాడికి గోధుమ రంగు అట్ట. ఆ చీలిక దగ్గర, ఆ ఒక్కచోట, మావాడి ఇఖామా కరీంనగర్ వాడి ఇఖామా కంటే బరువైనది. ఆ దారిలో పోతూ కళ్ళు చెమర్చని డ్రైవరు లేడు. ఆ కన్నీళ్ళను తప్పుడు చైతన్యమని కొట్టిపారేసే సిద్ధాంతం మాకు అక్కర్లేదు. అది నిజమైన సుఖం. కాబా ముందు కఫీల్, డ్రైవరు ఒకే రెండు తెల్లగుడ్డల్లో నిలబడతారు. కాకపోతే తవాఫ్ అయ్యాక బయటికొచ్చి కారు తీసేది డ్రైవరే. వెనక కూర్చునేది కఫీలే.

హాజీ చూసిన సౌదీ వేరు, మజూరు చూసిన సౌదీ వేరు. మన ఇళ్ళల్లో హాజీ చెప్పే మాటే చెల్లుతుంది. నలభై రోజులుండి జంజం, ఖజూరం పట్టుకొచ్చిన తాతగారు చెప్పేది అందరూ కూర్చుని వింటారు. పద్దెనిమిదేళ్ళుండి వచ్చిన మామూ చెప్పబోతే "చుప్, అలా మాట్లాడకు, గునా" అంటారు. ఈ నోరు నొక్కడంలో మన మౌల్వీల వాటా ఉంది, మన ఏజెంట్ల వాటా ఉంది, ఆ నేలను విమర్శిస్తే దీనునే విమర్శించినట్టని భయపడే మా రచయితల వాటా కూడా ఉంది. ట్రాఫిక్ పోలీసు దీనులో భాగం కాడు. కఫాలా పద్ధతి షరియత్ కాదు, పరిపాలన కోసం మనుషులు రాసుకున్న కాగితం. ఈ చిన్న సంగతి చెప్పడానికి ఇంత వెనకాడటం దేనికి?

మాలోని మెట్లు కూడా ఆ రోడ్డు పక్కనే బయటపడతాయి. ఉర్దూ మాట్లాడే హైదరాబాదీకి రాయలసీమ దూదేకుల వాడంటే ఒక చిన్నచూపు ఉంది. "తెలుగు మాట్లాడతాడు, వాడేం ముసల్మాను" అని. ఆ దూదేకుల పిల్లవాడు కువైట్‌లో లారీ నడుపుతాడు, ఈ హైదరాబాదీ కారు నడుపుతాడు. పోలీసు ఇద్దర్నీ ఒకే ఫుట్‌పాత్ మీద కూర్చోబెడతాడు. అరబ్బుకు ఖాన్ సాబ్, నూర్‌బాషా తేడా తెలియదు. వాళ్ళతోపాటు కూర్చున్న మాదిగ కుర్రాడికీ, మున్నూరు కాపు కుర్రాడికీ మధ్య తేడా అసలే తెలియదు. ఆ కూర్చోవడంలోంచి సోదరభావం దానంతటదే పుడుతుందని మేము చెప్పబోవడం లేదు. క్యాంపుకు తిరిగి పోయాక ఎవరి వంట వాళ్ళదే కావచ్చు. కానీ కాగితం మీద ఏముందో చదివిపెట్టమని ఆ మాదిగ కుర్రాడు అడిగేది ఈ సాయెబునే. చదివి, అర్థం తెలియక, ఇద్దరూ కలిసి మూడోవాణ్ణి వెతుక్కుంటారు. అది ఎవరైనా కథగా రాసి ఉంటే మాకు చదవాలని ఉంది.

ఎవరి లైసెన్సు చెల్లుతుందన్నదానిలో కూడా ప్రపంచం కనపడుతుంది. యుఎఇలో బ్రిటన్ లైసెన్సు ఉన్నవాడు కాగితాలిచ్చి ఆ దేశపు లైసెన్సు మార్పించుకోవచ్చు. భారత లైసెన్సు ఉన్నవాడు పరీక్షకు నిలబడాలి. మీరు ఎడమవైపు నడిపేవాళ్ళు, ఇక్కడ కుడివైపు, అందుకని అంటారు కొందరు. బ్రిటన్ వాడు నడిపేది కూడా ఎడమవైపే గదా! మనకు ఎడమవైపు నేర్పిందే వాడు. మన దగ్గర లైసెన్సులు ఎలా చేతికొస్తాయో, ఆఫీసు గేటు దగ్గర బ్రోకరు ఎంత తీసుకుంటాడో తెలిసినవాళ్ళం కాబట్టి ఆ పరీక్ష అన్యాయమని మేము గట్టిగా అనలేం. కానీ పాస్‌పోర్టు రంగును బట్టి చేతి నైపుణ్యం తేలుతుందన్న నమ్మకం ట్రాఫిక్ శాస్త్రం కాదు. కువైట్‌లో ఇంకా తేటగా చెప్పారు. పరదేశికి లైసెన్సు కావాలంటే డిగ్రీ ఉండాలి, 600 దీనార్ల జీతం ఉండాలి. వృత్తి డ్రైవర్ల లాంటి కొన్ని పనులకు మాత్రం మినహాయింపు. అంటే బీదవాడు ఇంకొకడి కారు నడపవచ్చు, తన కారు నడపకూడదు.

పరదేశి అంటే ఇలాగే ఉండాలని రాసిపెట్టి ఏమీ లేదు. హైదరాబాదు బార్కస్‌కు పోయి చూడండి. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల సంతతి అక్కడుంది. సైనికుల బ్యారక్సే బార్కస్ అయింది. ఒకప్పుడు వాళ్ళే పరదేశీయులు, జీతం కోసం వచ్చిన మజూర్లు. చావుష్‌లు అన్నాం, జమేదార్లు అన్నాం. వడ్డీలకిచ్చి జాగీర్దార్లనే వణికించారని చరిత్ర చెబుతుంది కాబట్టి వాళ్ళేం పావురాలు కారు. అయినా ఉండిపోయారు, ఇల్లు కట్టుకున్నారు, పిల్లల్ని కన్నారు, ఈ ఊరివాళ్ళయ్యారు. మా పిల్లలు అటు పోయి ముప్పై ఏళ్ళు నడిపినా అక్కడి వాళ్ళు కారు. అక్కడే పుట్టిన పిల్లకు కూడా ఇఖామాయే.

మన తెలుగు ముస్లిం రచయితలు 'వతన్' అన్న మాటను ఎంతో ప్రేమగా వాడారు. ఈ మట్టి మాది, మా తాతల గోరీలు ఇక్కడున్నాయని. ఆ వాదానికి గల్ఫు రోడ్డు కంటే పెద్ద సాక్ష్యం లేదు. "మీకు యాభై దేశాలున్నాయి" అనేవాళ్ళకు ఆ యాభై దేశాల్లో మా ఇఖామా గడువు ఎంతో చూపిస్తే చాలు. అయినా ఆ సాక్ష్యాన్ని మేము వాడుకోలేదు. వాడుకోవాలంటే ముందు ఆ నేల మీద మా మోజు ఎంతో ఒప్పుకోవాలి గదా!

చార్మినారు చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద అరబ్బీ బోల్‌చాల్ పుస్తకాలు అమ్ముతారు. ముప్పై రోజుల్లో అరబ్బీ అని. మేము తిరగేసినవాటిలో విమానాశ్రయం ఉంది, వంటిల్లు ఉంది, అంగడి ఉంది, సర్ చిత్తం అనే మాటలు పది రకాలుగా ఉన్నాయి. జరిమానా పడితే ఏం చేయాలో లేదు. సౌదీలో ట్రాఫిక్ జరిమానా తప్పుగా పడిందనుకుంటే కబురు అందిన 30 రోజుల్లోపు అడ్డు చెప్పవచ్చు. అబ్షర్ అనే ప్రభుత్వ ఖాతాలోంచి పెట్టుకోవచ్చు. కారు కఫీల్ పేరు మీద, జరిమానా కూడా ఆయన పేరు మీదే పడితే, అడ్డు చెప్పాల్సింది ఆయన ఖాతాలోంచే. ఆయన తన పేరు మీద పడ్డదాన్ని అసలు నడిపినవాడి పేరుకు మార్పిస్తే అప్పుడు డ్రైవరు తన ఖాతాలోంచి పెట్టుకోవాలి. ఈ రెంటిలో ఏది జరిగిందో డ్రైవరుకు తెలిసే సరికి చాలాసార్లు ఆ 30 రోజులూ అయిపోతాయి, జీతంలో కోత పడిపోతుంది.

అలా అడ్డు చెప్పడాన్ని అరబ్బీలో ఇఅతిరాద్ అంటారు. మా ఉర్దూలో ఏతరాజ్. రుఖ్సా మారింది, ఇషారా మారింది, ముఖాలఫా మారింది, సయ్యారా ఆకాశంలోంచి రోడ్డు మీదికి దిగింది. ఈ ఒక్క మాటకు మాత్రం రెండు భాషల్లోనూ అర్థం ఒకటే. బోల్‌చాల్ పుస్తకాల్లో అది మాకు ఎక్కడా కనపడలేదు.